ఊ కొట్టని పెట్టె

పోయిన వారం జాకియాని జగ్గయ్యపేటలో మెట్ల మధ్యన నిలబెట్టి మన దారిన మనం పోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. నందిగామ నుంచి బస్సులో నిలబడి వచ్చిన కాళ్లు, భుజం కోసేస్తున్న లాప్‌టాప్ సంచీ, ఎవరికి చెప్పినా చెవిన వేసుకోని ఒక్క మాట. పైన గదిలో భవానీప్రసాద్ గారు దేవమణి చేత కీసర సెంటరు తాళాలు బల్ల మీద పెట్టిస్తున్నారు.

ఎందుకో మరిచిపోయినవాళ్లకి రెండు ముక్కలు చెబుతాను. భవానీప్రసాద్ గారిది పాల డెయిరీ. చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకి కూలింగ్ సెంటర్లున్నాయి. ఊళ్లోవాళ్లు పాలు తెచ్చి పోస్తారు, వాటిని చల్లగా ఉంచే ట్యాంకు ఒకటి ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరుంటారు. కీసరలో ఆ మనిషి దేవమణి. మొన్నామధ్య ఆమె ట్యాంకులో పాలన్నీ చెడిపోయాయి. చూస్తే మెయిన్ స్విచ్ హ్యాండిల్ కిందికి దించి ఉంది. నేను దించలేదండి అంటుంది దేవమణి. నువ్వు కాకపోతే దయ్యమొచ్చి దించిందా అంటారు ప్రసాద్ గారు. దీపావళి వెళ్లీ వెళ్లగానే జి.కొండూరు సెంటర్లోనూ అచ్చం ఇలాగే జరిగింది. అక్కడి రత్నబాబుని ఉన్నపళంగా తీసేశారు. ఆ తర్వాత వాళ్లింటికి తాళం పడింది, ఎటు పోయారో ఎవరికీ తెలియదు.

ఇక జాకియా. నందిగామ ఆఫీసులో ఉండే సర్వర్ ఆమె చేతిలో ఉంది. ప్రతి ట్యాంకుకీ సిమ్ కార్డు వేసిన చిన్న పెట్టె బిగించి ఉంటుంది. ఆ పెట్టెలన్నీ ఈ సర్వర్‌తో లైన్లో ఉంటాయి. ట్యాంకు బాగుంటే తెర మీద పచ్చచుక్క, ఏదన్నా తేడా వస్తే ఎర్రచుక్క. ఎర్రబడిన మరుక్షణం జాకియా ఫోను మోగుతుంది. ఇంత ఏర్పాటు ఉండి కూడా పాలు ఎందుకు చెడ్డాయో మొన్నటిదాకా ఆమెకీ తెలియలేదు. తెలిశాక మాత్రం నెత్తీ నోరూ కొట్టుకుని ఫోన్లో చెప్పింది. వింటేగా.

ఆమె గదిలోకి వచ్చేసరికి తాళాల గుత్తి బల్ల మీద పడ్డ చప్పుడు గణగణమని వినిపించింది.

"రా అమ్మాయ్, రా. నువ్వు కూడా ఈవిడ పక్షమేనా?" అని అరిచారు ప్రసాద్ గారు. ఆయన అరిచారంటే కోపం అనుకోకండి. ఆ గది కిందే డెయిరీ పెద్ద ట్యాంకు, దాని కంప్రెసరు ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ హోరు మీద మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతుకి మెల్లగా మాట్లాడటమే చేతకాకుండా పోయింది. ఇప్పుడు మాత్రం కోపం కూడా ఉంది. కార్తీకమాసం, ఉపవాసం, నుదుట విభూతి, వేళ్లకింకా ఆరని పసుపు. ఇన్ని ఉన్న మనిషి కాస్త శాంతంగా ఉండకూడదా అంటే, ఉపవాసమున్న కొద్దీ ఆయనకి చిరాకు పెరుగుతుంది.

బల్లకి ఇటు పక్క దేవమణి నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు. అటు పక్క కుర్చీలో హరిచరణ్, ప్రసాద్ గారి మేనల్లుడు, వ్యాపారంలో ఆయన కుడిచెయ్యి.

"పక్షాలేం లేవండి. ఆ రోజు సర్వర్ తప్పు చెప్పింది. అది చెబుదామనే వచ్చా," అంది జాకియా.

"సర్వర్ తప్పు చెప్పడమేంటి?" అన్నాడు హరిచరణ్. "ఆ రోజు మధ్యాహ్నం దాకా కీసర చుక్క పచ్చగానే ఉంది. నేనే చూశా. ఈవిడ నందిగామ ఆసుపత్రి నుంచి వచ్చి ఆటో దిగింది, కాసేపటికి చుక్క ఎర్రబడింది. అంటే ఈవిడ వచ్చాకేగా మిషన్ ఆగింది? షెడ్డు కరెంటు బిల్లు తనే కట్టుకోవాలిగా, కలిసొస్తదని దించుకుంది."

"నేను వచ్చాక షెడ్డులోకే పోలేదండి," అంది దేవమణి. "అన్నం కూడా పెట్టుకోలా. ఈ అమ్మాయి ఫోన్ చేస్తే పరిగెత్తా. అప్పటికే హ్యాండిల్ కిందకుంది. ఎత్తా. అయినా సాయంత్రం ట్యాంకరు వాళ్లు చూసి పాలు పనికిరావన్నారు."

ఈ మాట ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ కొంచెం నీరసపడుతూ వచ్చింది. పోయింది సెంటరొక్కటే అయితే ఆమె ఓర్చుకునేదే. కీసరలో నాలుగిళ్ల ఆడవాళ్లు ఆమెని నమ్మి గేదెల్ని కొనుక్కున్నారు. ఇప్పుడు వాళ్లు ఆమెని చూసి మొహం తిప్పుకుని పోతున్నారు. మన పాలు పారబోయించిన మనిషి అంటున్నారట. అది తట్టుకోలేకపోతోంది దేవమణి. ఈ తాళాలు ఇవాళ ఈ బల్ల మీద ఉండిపోతే ఆ మాట ఆమెకి జన్మంతా అంటుకునే ఉంటుంది.

జాకియాకి ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. ఆ గదిలో గొంతు పెంచే హక్కు ఒక్కరికే ఉంది.

"ప్రసాద్ గారూ, ఒక్క రెండు నిమిషాలు నా మాట వినండి. మధ్యలో ఎవరూ అడ్డు రావద్దు."

"చెప్పు."

"మా నానమ్మ మదార్‌బీ మాకు కథలు చెప్పేదండి. మేం ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే పడుకున్నామని తెలుసుకుని కథ ఆపేసేది. అర్థమైందా? ఇప్పుడు మన పెట్టెలున్నాయి. అవి ఊరికే మాట్లాడవు. ట్యాంకు వేడెక్కితేనే నోరు తెరుస్తాయి. మిగతా టైములో గమ్మున ఉంటాయి. గమ్మునుంటే అంతా బాగున్నట్టేనని సర్వర్ అనుకుంటది."

"అనుకోనీ. మంచిదేగా."

"మంచిదే. కానీ మెయిన్ దించితే కంప్రెసరుతో పాటు పెట్టెకీ కరెంటు పోద్దండి. రెండూ ఒకే మెయిన్ మీదున్నాయి. పోయిన పెట్టె నేను పోయానని చెప్పలేదు కదా. అది కూడా గమ్మునే ఉంటది. బతికున్న పెట్టె మౌనం, పోయిన పెట్టె మౌనం సర్వర్‌కి ఒకటే. అందుకని మధ్యమధ్యలో సర్వర్ తనే అడగాలి, ఉన్నావా అని. అవతల పెట్టె ఊ కొట్టాలి. కొట్టకపోతే ఎర్రచుక్క. దీన్ని కీప్-అలైవ్ అంటారు. ఎంతసేపటికోసారి అడగాలో మనమే చెప్పాలి. మనం చెప్పకపోతే దానంతటది రెండు గంటలు ఆగి గానీ అడగదు."

"రెండు గంటలా?" అన్నాడు హరిచరణ్.

"రెండు గంటలు. పుట్టుకతో వచ్చిన బుద్ధి, ఎక్కడి సర్వరైనా అంతే. ఆ తర్వాత కూడా వెంటనే ఆశ వదులుకోదు. ఇంకాసిని సార్లు పిలిచి చూసి అప్పుడు ఎర్రచుక్క పెడతది. కాబట్టి ఎర్రబడినప్పుడు మిషన్ ఆగలేదండి. అంతకు రెండు గంటల పైనే ముందు ఆగింది. పొద్దున పోసిన పాలు వెచ్చగా ఉండగానే ఆగింది. లేకపోతే అంత త్వరగా పాలెందుకు చెడతాయి?"

ప్రసాద్ గారు మేనల్లుడి వంక చూశారు. మేనల్లుడు పైకప్పు వంక చూశాడు.

"అప్పుడు దేవమణి అత్త ఊళ్లోనే లేదు. నందిగామలో ఆసుపత్రి వరండాలో ఉంది," అంది జాకియా.

ఇంతటితో అయిపోతుందనుకుంటాం మనం. అయితే ఆయన భవానీప్రసాద్ గారెందుకవుతారు?

"ఆగు ఆగు," అన్నారు. "ఎండాకాలంలో పరిటాల పెట్టె ఆగితే నిమిషంలో ఫోన్ చేశావు గదా. అప్పుడు రెండు గంటలు పట్టలేదే? ఇప్పుడెందుకు పట్టింది? ఈవిడ కోసం కొత్త కథ అల్లుకొచ్చావా?"

జాకియా భయపడుతూ వచ్చింది ఈ ప్రశ్నకే. దీనికి జవాబు చెప్పాలంటే ఒక మాట ఎత్తాలి. ఆ మాట తన నోటి నుంచి వస్తే ఎలా వినిపిస్తుందోనని బస్సులో అంతసేపూ అదే ఆలోచించింది. ఎన్నిరకాలుగా తిప్పి చూసినా మెత్తగా చెప్పే దారి దొరకలేదు.

"అప్పుడు నిమిషానికోసారి అడగమని నేను పెట్టానండి. కాకపోతే నోటిమాటగా పెట్టా. ఫైల్లో రాసి ఉంచాల్సింది, రాయలేదు. అది నా తప్పే. సర్వర్ నడుస్తున్నంత కాలం ఆ మాట గుర్తుంచుకుంది. మధ్యలో ఎవరో దాన్ని ఆపి మళ్లీ వేశారు. నిద్ర లేచేసరికి నేను చెప్పింది మరిచిపోయి పాత బుద్ధికి పోయింది."

"ఎవరాపారు?"

"ఎప్పుడు లేచిందో అదే చెబుతదండి. విజయదశమి నాడు."

విజయదశమి నాడు నందిగామ ఆఫీసులో ఆయుధపూజ ఎవరు చేశారో గదిలో అందరికీ తెలుసు. మర్నాడు జాకియా వచ్చేసరికి సర్వర్ నుదుట కుంకుమబొట్టు, ఫ్యాను జాలీలో బంతిపూరేక, పక్కన కోసిన నిమ్మకాయ. నవ్వుకుని పూరేక తీసేసింది. అప్పుడే సెట్టింగ్ చూసుకుని ఉండాల్సింది.

"అయితే పూజ చెయ్యొద్దంటావా?" అన్నారు ప్రసాద్ గారు. ఈసారి నిజంగానే అరిచారు.

"పూజ తప్పని నేనన్నానా అండీ? ఆపితే నాకో ఫోన్ కొట్టండి అంటున్నా. అంతే."

"నడిచే మిషన్‌కి బొట్టు పెట్టకూడదు. మా నాన్న వెంకటరత్నం గారి రైసుమిల్లులో అదే చట్టం. ఒకసారి బెల్టు తిరుగుతుండగా బొట్టు పెట్టబోయి పంచె చెంగు చిక్కుకుంది ఒకాయనకి. ఆయన బతికాడు గానీ చెయ్యి పోయింది. అప్పటినుంచి ముందు మెయిన్ దించడం, తర్వాతే బొట్టు. యజమాని బొట్టు పెట్టి పక్కకి తప్పుకుంటే పనోడు హ్యాండిల్ ఎత్తాలి. మా ఇంటా వంటా ఇదే పద్ధతి. కంప్యూటర్ వచ్చిందని పద్ధతి మార్చుకుంటానా?"

ఇదిగో, ఇలాంటప్పుడే ఎవరికైనా తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. జాకియా తల కొట్టుకోలేదు. లాప్‌టాప్ బయటికి తీసి బల్ల మీద, తాళాల గుత్తి పక్కనే పెట్టింది.

"మార్చుకోవద్దులెండి. నేనే మార్చుకుంటా. మీ ఎదురుగానే ఆ టైము మళ్లీ పెడతా, ఈసారి ఫైల్లో రాసి పెడతా. ఇక ఎన్ని దసరాలు వచ్చినా మరిచిపోదు."

హరిచరణ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. దేవమణి మాత్రం కదల్లేదు. తెర మీద వరసగా ఊళ్ల పేర్లు, పక్కన పచ్చచుక్కలు. జి.కొండూరు, పరిటాల, ఇంకా నాలుగైదు ఊళ్లు, అన్నిటికన్నా పైన జగ్గయ్యపేట. కీసర పేరు పక్కన మాత్రం బూడిదరంగు. తాళం పడ్డ సెంటరు.

"కొత్త లెక్క పట్టాలంటే ప్రోగ్రాం ఒకసారి ఆపి మొదలుపెట్టాలండి. అన్నీ ఆరిపోతాయి, కంగారు పడొద్దు. బతికున్న పెట్టెలన్నీ వాటంతటవే మళ్లీ వచ్చి పలుకుతాయి."

మీట నొక్కింది. చుక్కలన్నీ బూడిదరంగుకి మారాయి. ప్రసాద్ గారు కళ్లజోడు పైకి నెట్టుకుని ముందుకి వంగారు. ముందు పరిటాల పచ్చగా వచ్చింది. తర్వాత జి.కొండూరు. మిగతావి ఒకటొకటిగా వచ్చాయి. చివరికి తాళం పడ్డ కీసర కాక ఒక్కటి మిగిలింది.

కాసేపు చూశారు. అది రాలేదు.

"మన పేట పెట్టె రాలేదేం?" అన్నాడు హరిచరణ్.

"ఇందాకటిదాకా పచ్చగానే ఉంది," అంది జాకియా. ఆ మాట అంటుండగానే ఆమె మొహం మారిపోయింది.

"చూశావా, నీ ప్రోగ్రామే తప్పు," అని అందుకున్నారు ప్రసాద్ గారు. "మన ట్యాంకు కాళ్ల కిందే నడుస్తా ఉంది. దాన్నే కనుక్కోలేని సర్వరు కీసరలో ఏం జరిగిందో నాకు చెబుతదా? కింద కంప్రెసరు హోరుకి నా గొంతు నాకే వినపడి చావదు, అంతలా..."

ఆగిపోయారు. ఆయన గొంతు ఆయనకి వినపడింది. గది నిండా వినపడింది. ముక్త్యాల రోడ్డు మీద పోతున్న ఆటో హారన్, కింద కొళాయి బొట్లు బొట్లుగా కారుతున్న చప్పుడు కూడా వినపడ్డాయి. వినపడాల్సిన హోరు ఒక్కటే లేదు.

అందరికన్నా ముందు మెట్ల వైపు పరిగెత్తింది దేవమణి. వెనకాల జాకియా లాప్‌టాప్ చేత్తో పట్టుకుని, ఆ వెనక హరిచరణ్. ప్రసాద్ గారు చివర్న, పంచె ఎత్తి పట్టుకుని.

ట్యాంకు గదిలో మెయిన్ హ్యాండిల్ కిందికి దించి ఉంది. హ్యాండిల్ మీద తడి ఆరని పసుపు, దాని మీద కుంకుమ. స్విచ్ పెట్టె పైన రెండు చామంతులు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"మావయ్యా," అన్నాడు హరిచరణ్ మెల్లగా. "మీరిందాక..."

"బొట్టు పెట్టా. ఈ కార్తీకమంతా మిషన్లన్నిటికీ నా చేత్తో పెడతానని మొక్కుకున్నా గదా. నువ్వెక్కడ చచ్చావు? ఎత్తాల్సినవాడివి నువ్వేగా?"

"మీరే గదా మావయ్యా, దేవమణి వచ్చింది, పైకి పోయి కూర్చోబెట్టు అన్నారు."

కూర్చోబెట్టలేదు కూడా. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

దేవమణి ట్యాంకు మూత కొంచెం ఎత్తి వాసన చూసింది. తన కంటి ముందు పాడైన పాల వాసన ఇంకా ఆమె ముక్కుని వదల్లేదు. "ఇంకా చల్లగానే ఉన్నయ్యండి. భయం లేదు," అంది. తర్వాత పసుపు అంటుకుంటుందని కూడా చూసుకోకుండా హ్యాండిల్ పట్టుకుని పైకెత్తింది. కంప్రెసరు ఒక్క కుదుపు కుదిపి హోరందుకుంది. కాసేపటికి జాకియా చేతిలో జగ్గయ్యపేట చుక్క పచ్చబడింది.

అప్పుడు అడిగింది దేవమణి, పసుపు చేతిని కొంగుకి తుడుచుకుంటూ. హోరు మీద వినపడాలని గట్టిగానే అడిగింది. "ఆ రోజు పొద్దున మీరు కీసర వచ్చారాండీ?"

ప్రసాద్ గారు తన వేళ్ల వంక చూసుకున్నారు.

"పరిటాల ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని వస్తా వస్తా ఆగా. షెడ్డు తీసే ఉంది. నువ్వు లేవు. బొట్టు పెట్టి కారెక్కా." ఆయన గొంతు మొదటిసారి తగ్గింది, దాంతో సగం మాటలు హోరులో కలిసిపోయాయి. "ఎత్తడానికి మీ వాళ్లెవరన్నా ఉంటారు గదా అనుకున్నా."

"మా ఇంట్లో ఉండేది నేనూ నా కూతురేనండి. దాన్నే ఆసుపత్రికి తీసుకుపోయా."

ఏడుస్తుందేమో అనుకుంది జాకియా. దేవమణి ఏడవలేదు. గిరుక్కున తిరిగి మెట్లెక్కి పైకి పోయింది. దిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో కీసర తాళాలున్నాయి. ఎవరినీ అడగలేదు. ఎవరూ ఆపలేదు. "రేపు పొద్దున పాలు పోయించుకుంటా. మీరు మాత్రం కీసర వచ్చి, మా ఆడవాళ్లందరి ముందూ ఈ మాట చెప్పాలండి," అంది. ప్రసాద్ గారు తలూపారు. ఆ మనిషి ఒకరి మాటకి నోరు మూసుకుని తలూపడం హరిచరణ్ ఎన్నడూ ఎరగడు.

అంతా తేలిపోయిందని జాకియా లాప్‌టాప్ మూయబోయింది. తెర మీద ఒక పేరు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ప్రసాద్ గారూ, దీపావళి వెళ్లాక జి.కొండూరు కూడా వెళ్లారా?"

ఆయన పసుపు వేళ్లని పంచెకి తుడుచుకున్నారు. హరిచరణ్ అప్పటికే ఫోన్లో రత్నబాబు నంబరు వెతుకుతున్నాడు. తీసేసినవాడి నంబరు కూడా తీసేశానేమోనని కంగారుపడి, చివరికి దొరికితే ఫోను మావయ్య చేతిలో పెట్టాడు.

హోరులో వినపడదని ప్రసాద్ గారు గేటు దాకా నడిచి వెళ్లారు. మిగతావాళ్లూ వెంట వెళ్లారు. స్పీకర్ ఆన్ చేశారు. చాలాసేపు మోగాక అవతల ఎవరో ఎత్తారు.

"రత్నబాబూ, నేను భవానీప్రసాద్‌ని."

జవాబు లేదు. ఫోను తెర మీద సెకన్లు మాత్రం నడుస్తున్నాయి.

"తప్పు నీది కాదు రత్నబాబూ. మిషన్ ఆపింది నేను. ఇవాళే తెలిసింది. నువ్వు వచ్చేయ్. నీ సెంటరు నీకే ఇస్తా. వింటున్నావా?"

అవతల ఊ అనలేదు. జాకియా తెర వంక చూసింది. లైన్ ఉంది. కట్ కాలేదు. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు కూడా.

"రత్నబాబూ, ఏదో ఒకటి అనవయ్యా," అన్నారు ప్రసాద్ గారు. ఆ గొంతులో ఇప్పుడు బతిమాలడం తప్ప ఇంకేం లేదు.

అప్పుడు ఒక ఆడమనిషి గొంతు పలికింది. నిదానంగా, పొడిగా.

"ఆయన ఫోను ఇంట్లోనే మరిచిపోయాడండి. తీసేశారని తెలిసిన రోజే, ప్రసాద్ గారి కాళ్లు పట్టుకునైనా చెప్పుకుని వస్తానని జగ్గయ్యపేట బస్సెక్కాడు. మీ దగ్గరే ఏదన్నా పనిలో పెట్టుకున్నారేమోలే అని ఇన్నాళ్లూ మా పుట్టింట్లో కూర్చుని ఎదురుచూస్తున్నా. మీ దగ్గరికి రాలేదాండీ?"